ముందుగా పంపిన మాట

మాటతో వెలుగును పుట్టించినవాడికి, మనిషి నోట్లో మాటను పెట్టినవాడికి, ఆ మాట అర్థం కాక మనిషి తికమకపడుతుంటే విసుక్కోకుండా వినేవాడికి ముందుగా స్తోత్రం. ఏ సంగతి చెప్పాలన్నా ఆయనను స్తుతించాకే చెప్పడం మా అమ్మ నేర్పిన పద్ధతి. ఆయన మంచివాడు. ఈ ఒక్క విషయంలో నాకు తికమక లేదు. మిగిలిన వాటిలో ఉంది. అదే రాస్తున్నాను.

నేను శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆదివారాలు తొండుపల్లిలోని మా సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. మాది రేకుల కప్పు మందిరం. విమానం తలమీదుగా దిగుతున్నప్పుడు పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి నిలబడతారు. అది దాటిపోయాక ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మౌనాన్ని ప్రార్థన అనుకుని తలలు వంచుకుంటారు. మేము వాళ్ళకు ఏమీ చెప్పం. ప్రార్థన చేసుకుంటే మంచిదే కదా.

కొత్త సంవత్సరం మొదటి రోజు ఉదయం ఆరాధనలో మేము వాగ్దానపు కార్డులు తీస్తాం. ఒక్కో కార్డు మీద లేఖనంలోని ఒక మాట ఉంటుంది. కార్డులన్నీ బోర్లించి పళ్ళెంలో పెడతారు. కళ్ళు మూసుకుని ప్రార్థించి ఒకటి తీసుకోవాలి. ఏది చేతికి వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట. కొందరు దాన్ని బీరువా తలుపుకు అంటిస్తారు, కొందరు ఫోను కవరు వెనక పెట్టుకుంటారు. సంబంధం ఒప్పుకోవాలన్నా, ఇల్లు మారాలన్నా ముందు ఆ కార్డు వంక చూసేవాళ్ళు మాలో చాలామంది. రాలేకపోయినవాళ్ళ కార్డు ఇంట్లోవాళ్ళు తీయవచ్చు.

ఆ కార్డులు చేత్తో రాసేది నేనే. ఈసారి విమానాశ్రయంలో పనిచేసే మా సంఘపు యువతీయువకులు, తెలుగు చదవడం ఆలస్యమవుతోంది, తెలుగు కింద ఇంగ్లీషులో కూడా రాయమని అడిగారు. సరేనన్నాను. ఆ ఇంగ్లీషుకు శీర్షికగా ‘ప్రామిస్’ అని రాయబోయి ఆగాను. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మాటే. కానీ దేవుని కార్డు మీద పెట్టేముందు ఆ మాట ఎక్కడిదో తెలుసుకోవాలనిపించింది. మా బడి బీరువాలో ఒక లావుపాటి నిఘంటువు ఉంది. అర్థంతో పాటు మాట పుట్టుకనూ చెబుతుంది. దాన్ని తెరిచినప్పుడు మొదలైంది నా పరేషాన్.

ప్రామిస్ లాటిన్ నుంచి వచ్చిందట. ‘ప్రో’ అంటే ముందుకు, ‘మిత్తెరె’ అంటే పంపడం, లేదా పట్టుకున్నదాన్ని వదలడం. అంటే ప్రామిస్ ముందుకు పంపిన మాట. మరి మన వాగ్దానమో? వాక్కును దానం చేయడం. ఇచ్చింది చేతిలో ఉంటుంది. పంపింది దారిలో ఉంటుంది. ఒకే కార్డు మీద పైనొక అర్థం, కిందొక అర్థం రాస్తున్నానే అనిపించింది.

అక్కడితో మూసేసి ఉంటే బాగుండేది. కానీ ఆ నిఘంటువు ‘ఇదే మూలం నుంచి’ అంటూ చుట్టాలందరి పేర్లూ చెప్పింది. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను. మిషన్ అంటే పంపడం, పంపినవాళ్ళు చేసే పని. బట్టలు కుట్టే మిషన్ ఈ ఇంటిది కాదు, దాని పుట్టిల్లు వేరు. అడ్మిషన్ లోపలికి రానివ్వడం, డిస్మిస్ తలోదిక్కుకూ పంపేయడం. పర్మిషన్ అంటే అడ్డు తొలగి పోనివ్వడం. సబ్‌మిట్ అంటే కింద పెట్టడం, లోబడడం. కమిటీ అంటే పని అప్పగించబడినవాళ్ళు. మా సంఘపు కమిటీకి ఈ సంగతి తెలిస్తే బాగుండు. చివరికి మిస్సైల్ కూడా ఈ ఇంటి బిడ్డే. సువార్తకు పంపే మనిషీ, ఊరి మీదికి విసిరే నిప్పూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలతో నడుస్తాయంటే ఏమనుకోవాలి?

మా వైపు మనిషిని పంపడాన్ని ‘తోలడం’ అంటారు. పిల్లను అత్తగారింటికి తోలుతారు, బర్రెలను మేతకు తోలుతారు, ఈగలనూ తోలుతారు. కనుక లాటిన్‌వాళ్ళను నేను తప్పుపట్టలేను. కానీ వెళ్ళగొట్టడమూ నమ్మి పంపడమూ ఒకే మాటలో ఎలా ఇముడుతున్నాయో నాకు ఇప్పటికీ తేలలేదు. కార్డుల మీద ప్రామిస్ అనే రాశాను.

ఇక అసలు సంగతి. మా సంఘంలో ఒక అక్క ఉంది. తొండుపల్లి సర్వీసు రోడ్డు పక్కన మెస్ నడుపుతుంది. భర్త పోయాక తనూ, వాళ్ళ అత్తమ్మా కలిసి పెట్టుకున్నది. విమానాశ్రయం కార్గోలో పెట్టెలు ఎత్తేవాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు అక్కడే తింటారు. కిందటి ఏడాది చివర ఆ స్థలం యజమాని, ఆ ఊరి పాతకాపు, వచ్చి చెప్పాడు: ముందు భాగంలో ప్రయాణికులకు లాడ్జి కడుతున్నాను, నీకు రెండు దారులు. వెనక చిన్న రేకుల షెడ్డు ఉంది, వంటకు సరిపోతుంది, మనుషులు కూర్చోవడానికి చోటుండదు. లేదంటే గగన్‌పహాడ్‌లో నాకు పెద్ద దుకాణపు మడిగె ఉంది, ఫ్యాక్టరీవాళ్ళు తింటారు, అక్కడికి పో. జనవరి ఆఖరుకల్లా ఏదో ఒకటి చెప్పు.

అక్క కార్డు కోసం ఆగింది. ఆ రోజు ఉదయం పనివాళ్ళకు టిఫిను పెట్టాలి కనుక మందిరానికి రాలేకపోయింది. తన కార్డు కూడా అత్తమ్మనే తీయమంది. ఆ అవ్వ పళ్ళెం దగ్గరికి వెళ్ళి ఒకటి తనకు, ఒకటి కోడలికి తీసింది. అవ్వకు చదువు రాదు. రెండూ కొంగున ముడివేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

ఆ వారం స్త్రీల కూడికకు అక్క రెండు కార్డులూ పట్టుకుని వచ్చింది. ఒక దాని మీద, ఉన్నచోటనే ఉండు, అక్కడే నీకు తోడుగా ఉంటాను అన్న మాట. ఇంకొక దాని మీద, లేచి బయలుదేరు, నేను చూపించే చోటికి వెళ్ళు అన్న మాట.

“ఈ రెండిట్ల నాది ఏదో అత్తమ్మకు యాదికి లేదంటది. టీచరమ్మా, ఒకటి ఉండమంటది, ఒకటి పొమ్మంటది. దేవుడు నాతోని మాట్లాడిండా, పరాచికమాడిండా?”

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. “నాకేం ఎరుకనే? బోర్లిస్తే రెండూ తెల్లగనే ఉన్నయ్” అంది.

“కొంగుకు కట్టేటప్పుడన్న చూసుకోవద్దా?”

“చూస్తే ఏం సమజైతది నాకు? నువ్వు రావద్దా మరి? దేవుని కార్డు కన్న నీకు ఇడ్లీలు ఎక్కువైనయ్.”

కూడికలో నవ్వులు. ఇంకోసారి తీద్దామని ఒకామె అంది. అయ్యగారి భార్య ఒప్పుకోలేదు. నచ్చేదాకా తీస్తే అది లాటరీ అవుతుంది గానీ వాగ్దానం కాదంది. అప్పుడు నేను, అక్కకు కాస్త ధైర్యంగా ఉంటుందని, నిఘంటువులో చూసింది చెప్పాను. ప్రామిస్ అంటే ముందుగా పంపిన మాట, మనకంటే ముందే ఆ మాట బయలుదేరి పోయి ఉంటుంది, కంగారుపడకండి అన్నాను.

భర్త కార్గోలో పనిచేసే ఒకామె వెంటనే అందుకుంది. “పంపిండు సరే, చేరిందా? మా ఆయన చెప్తడు, డబ్బా పంపుడు వేరు, చేరుడు వేరు. నడుమల మస్తు జరుగుతది.”

అక్క మాత్రం నవ్వలేదు. నా వైపు వంగి కూర్చుంది. “అంటే నా మాట ముందుగాలనే పోయి ఒక కాడ కూసున్నదన్నట్టు. వెనక షెడ్డులనా, గగన్‌పహాడ్లనా? గదొక్కటి చూసి చెప్పు. నేను ఆడికే పోత.”

నిఘంటువులో అది ఉండదని చెప్పాను.

“గంత లావు బుక్కుల లేదా?”

లేదన్నాను. ఆమె కార్డులు రెండూ రవికెలో దోపుకుని లేచింది. ధైర్యం చెప్పబోయి ఉన్న తికమకకు ఇంకొకటి కలిపానని ఆమె నడకలోనే తెలిసింది.

తరవాతి రోజుల్లో నేను ఎంత ప్రార్థించినా నాకు ఏమీ తేలలేదు. అయ్యగారిని అడిగాను. ఆయన గడ్డం గోక్కున్నారు. “కార్డు మనం పెట్టుకున్న పద్ధతి అమ్మా, మాట ఆయనది. పద్ధతిల పొరపాటైతే మాట పొరపాటు కాదు” అన్నారు. విన్నప్పుడు బాగుంది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఏది పద్ధతి, ఏది మాట అని మళ్ళీ మొదటికి వచ్చాను. స్థలం యజమాని ఆదివారం మందిరం బయటే అక్కను నిలబెట్టి అడిగాడు. “మీ దేవుడు ఎప్పుడు చెప్తడమ్మా? మా ముహూర్తం దగ్గర పడ్డది. కాంట్రాక్టరు ఆగేటట్టు లేడు.” వెటకారం లేదు ఆయన గొంతులో. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం, తినేవాళ్ళు వెళ్ళిపోయాక, నేను మెస్‌కు వెళ్ళాను. అక్క కూరగాయలకు పోయింది. అవ్వ ఒక్కతే చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే పీట జరిపింది.

“కూసో బిడ్డా. ఒక్కటి అడుగుత, ఎవ్వలికి చెప్పకు. పొమ్మన్నడంటే, గట్లనా?” అంటూ వేలు పైకి చూపించింది.

సరిగ్గా అప్పుడే ఒక విమానం లేచింది. “అవ్వా, నిన్ను విమానం ఎక్కమని ఎవరన్నరు?” అన్నాను.

“విమానం ఎక్కడిదే, నీ తెలివి సల్లగుండ! ఇగ నా దినాలు అయినయా అని అడుగుతున్న.”

అప్పుడు ఆమె చెప్పింది. ముందు తీసింది తన కోసమే. పక్కనున్న అమ్మాయితో అక్కడికక్కడే చదివించుకుంది. లేచి బయలుదేరు అని ఉంది. ఆ వయసు మనిషికి బయలుదేరమంటే ఎక్కడికని? కోడలిది చదివించుకోకుండానే రెండూ కలిపి ముడివేసింది. ఎవరిది ఏదో తెలియకపోతే ఆ మాట తనను పట్టుకోలేదు అనుకుంది.

“చావుకు భయమా అవ్వా?”

“చావుకు కాదే. అయితే చావు, లేకుంటే మామిడిపల్లి. కోడలు గగన్‌పహాడ్లకు పోతే నన్ను మామిడిపల్లికి తోలుతది, నా బిడ్డ కాడికి. బిడ్డ మంచిదే. ఆడ నన్ను మంచం మీద కూసోపెట్టి టీవీ పెడ్తరు. గంతే ఇగ. మూకుడు ముట్టనియ్యరు.” చాటలోని రాయి ఒకటి తీసి దూరంగా విసిరింది. “దేవుడు గట్ల తోలుతడా మనిషిని, పనికి రాకుంట?”

నిఘంటువులో చూసిన మిషన్, డిస్మిస్ అన్న రెండు మాటలు గుర్తొచ్చాయి. ఒకటి పని అప్పగించి పంపేది, ఒకటి పని తీసేసి పంపేది. ఈమె భయం అంతా ఆ రెండింటి మధ్యే ఉంది. ఏది తనదో నేను చెప్పలేను.

అక్క అప్పటికే తలుపు దగ్గర సంచులతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. సంచులు అక్కడే పడేసింది. టమాటాలు దొర్లాయి.

“ముసలిదానా! ఇన్ని దినాల్సంది నాకు తిండి లేదు, నిద్ర లేదు. అయ్యగారిని పరేషాన్ చేసిన, టీచరమ్మ పాణం తీసిన. నువ్వేమో కార్డు దాసుకున్నవా?”

“దాసలే. కలిపిన.”

“నిన్ను మామిడిపల్లికి తోలుత అని నీకు ఎవరన్నరు?”

“ఎవ్వలనకపోతే? నువ్వు అనకముందే నాకు సమజైతది.”

“నిన్ను తోలితే పప్పు ఎవరు ఎనుపుతరు, నీ బిడ్డ ఎనుపుతదా? నీ చేతి పప్పు కోసం వచ్చేటోళ్ళు నా మొఖం చూసి తింటరా?” అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందో నవ్విందో తెలియకుండా కింద కూర్చుంది.

నేను టమాటాలు ఏరుతూ ఉండిపోయాను.

కాసేపటికి అక్క రెండు కార్డులూ తీసి చాట అంచున పెట్టింది. “అయితే ఉండమన్నదే నాది” అంది. “వెనక షెడ్డే. కానీ ఆడ మనుషులు ఏడ కూసుంటరు? కూసునే జాగ లేని మెస్‌కు ఎవరొస్తరు అత్తమ్మా?”

అవ్వ బియ్యం ఏరడం ఆపలేదు. “వాళ్ళు రాకుంటే మనమే పోదాం. వాళ్ళు కూసునే కాడికి. నువ్వు షెడ్డుల ఉండి వండు. నేను ఆటోల డబ్బాలు ఏసుకొని కార్గో గేటు కాడికి పోత. పొమ్మన్నడు గదా. గిదే అయి ఉంటది.”

“నువ్వా? ఆటోలనా?”

“ఏం, నేను పోరాదా? దేవుడు నాతోని అన్నడు, నీతోని కాదు.”

అక్క ఆమె వంక అలాగే చూసింది. ఆ సాయంత్రమే యజమానికి కబురు వెళ్ళింది.

మరునాడు బడిలో ఊరికే కూర్చుని ఉంటే చేతులు ఆగలేదు. మెస్ అన్న మాట తీశాను. పాత ఫ్రెంచి మీదుగా వచ్చిందట. మూలం అదే మిత్తెరె. భోజనబల్ల మీదికి పంపిన వంటకం అని తొలి అర్థం. కూర్చునే చోటు అన్న అర్థం చాలా తరవాత వచ్చి చేరింది. అవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమెకు పట్టేది కాదు. నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా. కానీ దాని వెంటే ఒక అనుమానం. ఇది దేవుడు ముందుగా పంపిన మాటేనా? లేక ఇద్దరు ఆడవాళ్ళు విడిపోవడం ఇష్టం లేక రెండు కార్డులనూ తమకు అనువుగా వంచుకున్నారా?

ఈ అనుమానం నాకొక్కదానికే కాదు. మా కమిటీలోని ఒక పెద్దాయన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వినేట్టు అన్నాడు. “దేవుని మాటతోని కాంప్రమైజ్ చేసిన్రు అత్తాకోడళ్ళు. బయలుదేరు అంటే డబ్బాలు మోయమనా?” అక్క ముఖం చిన్నబోయింది. అవ్వ మాత్రం, “మరి నీ కార్డు ఏమన్నది పెద్దమనిషీ? మందిని అనుమన్నదా?” అని చెప్పులు వేసుకుంది.

కాంప్రమైజ్ కూడా వెతికాను. వెతక్కుండా ఉంటే నేను నేనెలా అవుతాను? అదీ ఆ ఇంటిదే. ప్రామిస్‌కు ముందు ‘కలిసి’ అన్న ముక్క తగిలించారు. తగవు పడ్డ ఇద్దరూ మధ్యవర్తి చెప్పినదానికి కట్టుబడతామని కలిసి మాట ఇవ్వడం దాని పాత అర్థం. అంటే పెద్దాయన తిట్టిన తిట్టు, వెనక్కి తిరిగి చూస్తే దీవెనలా ఉంది. మరి ఆ మధ్యవర్తి ఎవరు? దేవుడా, కార్డులా, బియ్యం చాటా? అయ్యగారికి చెప్పాను. ఆయన ఏదో అనబోయారు. పైనుంచి విమానం వచ్చింది. అది పోయాక ఆయన ఆపిన మాట అందుకోలేదు. చిన్నగా నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు వంట వెనక షెడ్డులో జరుగుతోంది. అవ్వ పొద్దున్నే తెల్ల చీర కట్టుకుని, ఆటోలో డబ్బాల మధ్య కూర్చుని, వెళ్ళి వస్తోంది. ఆమె మాట పెరిగింది, ఆకలి పెరిగింది. కానీ అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. కార్గో గేటు దగ్గర ఆటో ఆపకూడదని కాపలావాళ్ళు అంటున్నారు. రోడ్డు మలుపు దగ్గర ఆపితే అంతదూరం నడిచి వచ్చేవాళ్ళు తక్కువ. కొన్ని రోజులు సగం డబ్బాలు తిరిగి వస్తున్నాయి. ఆపుకోవడానికి పర్మిషన్ కావాలని దరఖాస్తు నేనే రాసి ఇచ్చాను. అక్క వెళ్ళి సబ్‌మిట్ చేసి వచ్చింది. ఆఫీసులో చూస్తామన్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ పర్మిషన్ రాకపోతే ఈ షెడ్డు నిలవదు. అక్క గగన్‌పహాడ్‌కో, అవ్వ మామిడిపల్లికో పోక తప్పదు. అప్పుడు ఏ కార్డు నిజమైందనుకోవాలో నన్ను అడగవద్దు.

చదువుతున్నవారిని ఒకటి అడుగుతాను. ఈ పుట దగ్గర కాస్త ఆగండి. మీరు ఏ సంఘంవారైనా, ఏ ఊరివారైనా, నాతో పాటు తల వంచండి.

ప్రభువా, నీ మాట ఇచ్చావో, పంపావో మాకు సరిగా తెలియదు. ఇచ్చి ఉంటే దాన్ని పట్టుకునే చేతులు మాకు ఇవ్వు. పంపి ఉంటే అది చేరేదాకా మమ్మల్ని నిలబెట్టు. ఆ గేటు దగ్గర ఒక ముసలమ్మ ఆటో ఆపుకునే చోటు ఇప్పించు. ఆమెను పనికి రాకుండా తోలవద్దు. మా తికమకను క్షమించు, తీర్చకపోయినా సరే. ఆమేన్ అని మీరూ అనండి.